ముట్టుకోండి, వూపిరి పొయ్యండి

పోయిన వానాకాలం మా కార్యకర్తలు తిరిగే వూళ్ళలో ఒకదాంట్లో జరిగిన సంగతి ఇది. పత్తి చేలో పదిమంది ఆడకూలీలు కలుపు తీస్తున్నారు. మధ్యాహ్నం మూడు దాటింది. పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఉరుములు మొదలయ్యాయి. 'ఈ రెండు సాళ్ళూ అయిపోతే పోదాం, ఇప్పుడే గట్టెక్కితే పూట కూలి కోస్తారు' అనుకుని వొంచిన నడుం ఎత్తలేదు. చినుకులు పెద్దవయ్యాక గట్టు మీది వేపచెట్టు కిందికి పరిగెత్తారు. పిడుగు ఆ చెట్టు మీదే పడింది.

నలుగురు పడిపోయారు. ఒకామె చెవులు మూసుకుని కేకలు పెడుతోంది. ఒకామెకి కాళ్ళు కదలటం లేదు. ఇంకొకామె ఏడుస్తూ తన పేరు తనే మర్చిపోయినట్టు చూస్తోంది. నాలుగో ఆమె కదలకుండా పడివుంది. వొంటి మీద పెద్ద గాయం లేదు, నెత్తురు లేదు. పక్క చేలోంచి వచ్చిన మగవాళ్ళు "ముట్టుకోమాకండ్రా, వొంట్లో ఇంకా కరెంటు వుంటది, షాకు కొడుద్ది" అన్నారు. తోడికోడలు "అక్కా, అక్కా" అంటూ మీద పడబోతే రెక్కలు పట్టుకుని వెనక్కి లాగారు. కేకలు పెడుతున్న ముగ్గుర్నీ ట్రాక్టరు ఎక్కించి ఆసుపత్రికి తోలారు. నాలుగో ఆమెకి చీర కొంగు మొహం మీద కప్పి, పోలీసులొచ్చేదాకా అలాగే వుంచారు.

ముగ్గురూ బతికారు. ఎవరూ ముట్టుకోని ఆమె పోయింది.

ఏం చేసినా ఆమె తప్పకుండా బతికేదని మేము చెప్పలేం. ఒక్క మాట మాత్రం చెప్పగలం. ఆ నలుగుర్లో మొట్టమొదట చూడాల్సింది ఆమెని. కేకలు పెట్టేవాళ్ళు ఎటూ వూపిరి తీసుకుంటున్నారు కాబట్టే కేకలు పెడుతున్నారు. వూపిరి ఆగిన మనిషికి చుట్టూ నిలబడ్డ పాతికమందిలో ఏ ఒక్కరైనా వూపిరి పోసి, ఎదురొమ్ము నొక్కివుంటే ఆమెకి ఒక అవకాశం వుండేది. ఆ అవకాశాన్ని తీసేసింది పిడుగు కాదు. 'ముట్టుకోమాకండి' అన్న మాట.

ముట్టుకోవద్దు అనే మాట మన పల్లెలకి కొత్తది కాదు. ఆ మాట విని పెరిగినవాళ్ళం. దాని వెనకున్న అబద్ధాన్ని బయటపెట్టటానికి మన తాతలకి, తండ్రులకి, మనకి ఏళ్ళకేళ్ళు పట్టింది. ఇంకా పడుతోంది. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకోవద్దు అనేది కూడా అచ్చమైన అబద్ధమే. కానీ దీన్ని బయటపెట్టటానికి చేలో పడివున్న మనిషి దగ్గర ఏళ్ళు లేవు, గంటలు లేవు. నాలుగైదు నిమిషాలున్నాయి, అంతే. అందుకే ఈ సంచిక సంపాదకీయం దీనికే కేటాయిస్తున్నాం. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి వినిపించండి.

ముందు ఈ 'కరెంటు వుంటది' అనే మాట సంగతి తేల్చుదాం. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా అని సామెత. కరెంటు తీగకీ పిడుగుకీ కూడా ఒకటే మంత్రం పనికిరాదు. తెగిన తీగ మనిషి మీద పడివుంటే అందులో కరెంటు వస్తూనే వుంటుంది. అక్కడ ముట్టుకుంటే మనమూ పోతాం. అక్కడ ముట్టుకోవద్దు అనటం సరైనదే. ముందు ఫీజు తీయించాలి, లైను ఆపించాలి. పిడుగు అలా కాదు. సెకనులో వెయ్యో వంతులు మాత్రమే వుండి నేలలోకి దిగిపోతుంది. మనిషి వొళ్ళు కరెంటుని దాచుకునే బ్యాటరీ కాదు. పిడుగు పడ్డ మరుక్షణం ఆ మనిషిని ముట్టుకోవచ్చు, ఎత్తుకోవచ్చు, నోట్లో నోరు పెట్టి వూపిరి పొయ్యొచ్చు. షాకు కొట్టదు. చూసుకోవాల్సింది ఒక్కటే. పిడుగు దెబ్బకి దగ్గర్లో కరెంటు తీగ తెగి పడిందేమో ఒకసారి చుట్టూ కలియజూడండి. లేదంటే ఇక ఆగొద్దు.

పిడుగులో వేల ఆంపియర్ల కరెంటు వుంటుంది. ముప్పై వేల ఆంపియర్లు మామూలు. మన ఇంట్లో పెద్ద ప్లగ్గు పదిహేను ఆంపియర్లది. మరి అంత కరెంటు పడ్డ మనిషి బూడిద కావాలి కదా అని అడుగుతారు. కాడు. అది వుండే సమయం మరీ తక్కువ కాబట్టి చాలామటుకు చర్మం పైపైన జారి నేలలోకి పోతుంది. వొంటి మీది చెమట, వాననీరు ఒక్కసారిగా ఆవిరై బట్టలు చిరుగుతాయి, చెప్పులు ఎగిరిపోతాయి. మెళ్ళో గొలుసు, మొలతాడు బిళ్ళ, మట్టెలు వున్నచోట కాలుతుంది. కొందరి వొంటి మీద ఫెర్న్ ఆకు పరిచినట్టు ఎర్రటి కొమ్మల గీతలు లేస్తాయి. అది దేవుడి గుర్తూ కాదు, శాపమూ కాదు, కాలిన పుండు కూడా కాదు. కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది. లోతుగా మాంసం కాలటం పిడుగు దెబ్బలో అరుదు. అందుకే చచ్చిపోయిన మనిషి కూడా నిద్రపోయినట్టే కనిపిస్తాడు.

పిడుగు నేరుగా నెత్తిన పడితేనే మనిషి పోతాడనుకుంటాం. అలా నేరుగా పడేది నూటికి నలుగురైదుగురికే. చెట్టు మీదో స్తంభం మీదో పడి, అక్కణ్ణుంచి పక్కనున్న మనిషి మీదికి దూకటం ఒకటి. పిడుగు పడ్డ కంచె తీగనో, ఇనుప పైపునో పట్టుకునివుండటం ఒకటి. నేలలోంచి మన వొంటి మీదుగా పైకి లేచే చిన్న మెరుపు దెబ్బ ఒకటి. వీటన్నిటికన్నా ఎక్కువమందిని, దాదాపు సగంమందిని, కొట్టేది నేలలో పాకే కరెంటు. చెట్టు మొదట్లో దిగిన కరెంటు చుట్టూ నేలలోకి పారుతూ ఒక కాలి నుంచి ఎక్కి ఇంకో కాలి నుంచి దిగుతుంది. ఒక్క పిడుక్కి చెట్టు కింద మంద మొత్తం పడిపోవటం గొర్రెలు కాసేవాళ్ళకి తెలుసు. ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్య ఎడం ఎక్కువ. కరెంటు ఆ ఎడంలోంచి, గుండె మీదుగా పోతుంది. వేపచెట్టు కింద నలుగురు ఒకేసారి పడటానికీ కారణం అదే.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. వొంట్లో ఏం జరుగుతుంది?

ఆ దెబ్బకి గుండె ఒక్కసారిగా ఆగుతుంది. గుండెకి తనంతట తాను మళ్ళీ కొట్టుకునే గుణం వుంది. చాలామందిలో కాసేపటికి మళ్ళీ మొదలవుతుంది కూడా. కానీ వూపిరి తీసుకోమని చెప్పే చోటు మెదడు అడుగు భాగంలో వుంది. అది అంత త్వరగా తేరుకోదు. గుండె కొట్టుకుంటూ వుంటుంది, వూపిరి వుండదు. గాలి అందని గుండె కొన్ని నిమిషాలు పెనుగులాడి రెండోసారి ఆగిపోతుంది. ఈసారి దానంతటది మొదలుకాదు. మొదటి దెబ్బ మన చేతుల్లో లేదు. ఈ రెండో దెబ్బని ఆపటం చాలాసార్లు మన చేతుల్లో వుంటుంది. ఆ కొద్దిసేపు ఆ మనిషి బదులు మనం వూపిరి పీల్చాలి, ఆ గుండె బదులు మన చేతులు పని చెయ్యాలి.

ఇది మేము కల్పించి చెప్తున్నది కాదు. పిడుగు దెబ్బకి గుండె ఆగిన రోగికి గుండె మర్దన చేసి, చాలాసేపు వూపిరి పోసి బతికించిన వైనం 1961లోనే అమెరికా వైద్య పత్రికలో అచ్చయింది. పిడుగు దెబ్బ తిన్నవాళ్ళని జీవితమంతా పరిశీలించిన మేరీ ఆన్ కూపర్ అనే డాక్టరు 1980 నుంచీ చెప్తూ వచ్చింది ఇదే. చచ్చేది దాదాపుగా అప్పటికప్పుడు గుండె, వూపిరి ఆగినవాళ్ళే. పిడుగు దెబ్బ తిన్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారని డాక్టర్ల అంచనా. అందుకే బస్సు ప్రమాదంలో వాడే లెక్క ఇక్కడ తిరగబడుతుంది. అక్కడ కొసప్రాణంతో మూలిగేవాళ్ళని ముందు చూస్తారు, చచ్చినట్టున్నవాళ్ళని తర్వాత చూస్తారు. పిడుగు పడ్డచోట చచ్చినట్టున్నవాళ్ళనే ముందు చూడాలి. మూలిగేవాళ్ళు ఆగగలరు.

ఏం చెయ్యాలో వరసగా చెప్తాం. జ్ఞాపకం పెట్టుకోండి.

ఒకటి. ఒకరు 108కి ఫోను చెయ్యండి. సెల్‌ఫోను పిడుగును లాగుతుందనేది పుకారు, ఫోను చెయ్యటానికి భయపడొద్దు. ఉరుములు ఇంకా తల మీదే వుంటే పడిపోయిన మనిషిని చెట్టు కింద నుంచి, స్తంభం దగ్గర్నుంచి ఇవతలికి తెచ్చుకోండి. దగ్గర్లో పక్కా కట్టడం వుంటే అందులోకి మోసుకుపొండి. పది అడుగుల దూరంలో రెండో పిడుగు పడదని ఎవరూ హామీ ఇవ్వలేదు.

రెండు. భుజం తట్టి పిలవండి. పలకకపోతే పొట్ట, రొమ్ము లేస్తున్నాయో లేదో చూడండి. పది సెకన్లకి మించి చూడొద్దు. ఎప్పుడో ఒకసారి చేప నోరు తెరిచినట్టు ఎగపీల్చటం వూపిరి కాదు. వూపిరి లేదు అనుకోండి, మొదలుపెట్టండి.

మూడు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మోకాళ్ళ మీద పక్కన కూచుని, ఎదురొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచెయ్యి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వెయ్యండి. మోచేతులు వొంచకుండా మీ వొంటి బరువుతో రెండంగుళాల లోతు నొక్కండి, వదలండి. నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు. అంటే సెకనుకి రెండుసార్లకి కొంచెం తక్కువ. దంపుడు పాటలాగా పైకి లెక్కపెడుతూ ముప్పై సార్లు నొక్కండి.

నాలుగు. నొసలు వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి రొమ్ము లేచేదాకా వూదండి. రెండుసార్లు. మళ్ళీ ముప్పై నొక్కుళ్ళు, మళ్ళీ రెండు వూపిర్లు. మామూలు గుండెపోటులో ఉత్త నొక్కుళ్ళు చేసినా కొంత పని జరుగుతుంది. పిడుగు దెబ్బలో వూపిరే ముఖ్యం, మర్చిపోవద్దు. నోరు పెట్టలేనివాళ్ళు కనీసం నొక్కటమైనా ఆపొద్దు. చిన్నపిల్లలకి ఒక్క చేత్తో, రొమ్ము మందంలో మూడో వంతు లోతు నొక్కితే చాలు.

అయిదు. రెండు నిమిషాలకొకరు మారండి. నొక్కేవాడు అలిసిపోతే నొక్కుడు లోతు తగ్గుతుంది. శిక్షణ వున్నవాళ్ళకి మెడ దగ్గర నాడి తెలిసి, వూపిరి మాత్రం లేకపోతే, ఆరు సెకన్లకొక వూపిరి పోస్తూ వుండాలి. 108 వచ్చి వాళ్ళు చేతుల్లోకి తీసుకునేదాకా ఆపొద్దు. వూపిరి తిరిగొచ్చి కదిలితే పక్కకి తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకుని వుండండి.

చావు గుర్తులని మనం నమ్మేవి పిడుగు దగ్గర మోసం చేస్తాయి. కంటిపాప పెద్దదై, లైటు వేసినా ముడుచుకోకపోతే పోయినట్టే అనుకుంటాం. పిడుగు దెబ్బకి బతికున్నవాళ్ళ కంటిపాప కూడా అలాగే వుండొచ్చు. కాళ్ళు చల్లబడి, నీలంగా మారి, మణికట్టులో నాడి అందకపోవచ్చు. అది పిడుగు పక్షవాతం. చాలామందికి కొద్ది గంటల్లో దానంతటదే తగ్గిపోతుంది. కాబట్టి కళ్ళు చూసి, కాళ్ళు చూసి 'పోయింది' అని తీర్పు చెప్పే పని ఎవరూ పెట్టుకోవద్దు. ఆ తీర్పు డాక్టరుది.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. దేశంలో కొన్నిచోట్ల పిడుగు పడ్డవాళ్ళని పీకల్దాకా పేడలో పాతిపెడుతున్నారు. 'పేడ కరెంటుని లాగేస్తది' అని నమ్మకం. లాగటానికి అక్కడ కరెంటే లేదు. పేడ బరువు రొమ్ము మీద పడి, మిగిలిన కాస్త వూపిరీ ఆగుతుంది. బురదలో, ఇసకలో పాతటమూ అంతే. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు, సోడా, సారా పొయ్యొద్దు. కాలిన చోట పసుపు, పేస్టు, సిరా పుయ్యొద్దు. మంచినీళ్ళతో కడిగి శుభ్రమైన గుడ్డ కప్పండి. వేళ్ళు వాచకముందే వుంగరాలు, మట్టెలు, గాజులు తీసెయ్యండి. మంత్రగాడి కోసం కబురు పంపొద్దు. పిడుగు పడకుండా అర్జునుడి పది పేర్లు చదవమని చెప్పే పెద్దలున్నారు. చదివేవాళ్ళతో మాకు తగాదా లేదు. పక్కా ఇంట్లో కూచుని చదువుకోమంటాం.

లేచి కూచున్నవాళ్ళని కూడా ఆసుపత్రికి తీసుకుపోవాలి. 'బాగానే వుంది' అని ఇంటికి పోనివ్వద్దు. గుండె లయ చూడటానికి ఇ.సి.జి. తియ్యాలి. చెవి కర్ణభేరి చిరగటం చాలా మామూలు, అది చూడాలి. ఎగిరిపడ్డవాళ్ళకి వెన్నుపూస, ఎముకలు చూడాలి. మూత్రం నల్లగా వస్తే చెప్పాలి. కడుపుతో వున్న ఆమెకి పైకి దెబ్బ ఏమీ లేకపోయినా లోపలి బిడ్డకి అపాయం ఎక్కువ. వెంటనే చూపించాలి. 'పిడుగు పడింది' అని డాక్టరుకి స్పష్టంగా చెప్పండి. కరెంటు తీగ షాకుకిచ్చినట్టు సీసాలకి సీసాల సెలైను ఎక్కించటం పిడుగు రోగులకి మామూలుగా అవసరం వుండదు.

బతికినవాళ్ళ కథ ఆసుపత్రితో అయిపోదు. నెలల తర్వాత కంట్లో పొర వస్తుంది. తలనొప్పి వదలదు. నిద్ర పట్టదు. చెప్పింది మర్చిపోతారు, లెక్క తప్పుతారు, చీటికీ మాటికీ కోపం వస్తుంది. ఒళ్ళు సూదులు గుచ్చినట్టుంటుంది, ఉరుము వింటే వణుకుతారు. పైకి గాయం కనిపించదు కాబట్టి 'పని దొంగ' అంటారు, 'గాలి సోకింది' అంటారు. మొగుడు తిడతాడు, మేస్త్రి పనికి పిలవడు. ఇది నరాలకీ మెదడుకీ తగిలిన దెబ్బ. ఇది సోమరితనం కాదు, దయ్యమూ కాదు. మన వేపచెట్టు కింద బతికిన ముగ్గుర్లో ఒకామె ఇప్పటికీ సాలు మధ్యలో నిలబడిపోయి 'నేను ఎటు పోతన్నా' అని అడుగుతోంది. ఆమె పేరు ఏ ఆఫీసు కాగితంలోనూ లేదు. సర్కారు లెక్కపెట్టేది శవాలనే.

ఆ శవాల లెక్క చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో ప్రకృతి వైపరీత్యాలకి దేశంలో 8,060 మంది పోతే, అందులో 2,887 మంది పిడుగుకే పోయారు. వరదకీ తుఫానుకీ హెలికాప్టర్లు తిరుగుతాయి, మంత్రులు వస్తారు. పిడుగు చావు ఒకటీ రెండుగా, ఒక్కో చేలో, ఒక్కో గట్టు మీద జరుగుతుంది. పేపర్లో మూలన నాలుగు వాక్యాలు వస్తాయి. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఆకాశం అన్ని ఇళ్ళ మీదా వొకటే. పిడుక్కి కులం లేదు. కానీ ఉరిమే వేళ ఎవరు చేలో వుంటారు, ఎవరు శ్లాబు కింద వుంటారు అనేదానికి కులం వుంది, కూలి వుంది, భూమి వుంది. నాట్లేసే ఆడవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు, గొర్రెలు మేపేవాళ్ళు, మామిడితోట కాపలా వుండేవాళ్ళు, పూరిగుడిసెలో పడుకునేవాళ్ళు పోతున్నారు.

ఇది తలరాత కాదనటానికి ఒక్క రుజువు చాలు. 1940ల మొదట్లో అమెరికాలో ఏటా మూడు నాలుగు వందలమంది పిడుగులకి చచ్చేవాళ్ళు. ఇప్పుడు ముప్పైమంది లోపే. అక్కడ ఆకాశం మారలేదు. చేలో పనిచేసే మనుషులు తగ్గారు, గట్టి ఇళ్ళొచ్చాయి, హెచ్చరికలొచ్చాయి, వూపిరి పోసే పద్ధతి జనానికి నేర్పారు.

మరి మనం చెయ్యాల్సింది ఏమిటి?

ఉరుము వినపడిందంటే పిడుగు అందే దూరంలో వున్నట్టే. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై సెకన్లంటే పది కిలోమీటర్లు, ఆ దూరం నుంచి కూడా పిడుగు వచ్చి పడుతుంది. కాబట్టి ఉరిమితే పని ఆపటం, పక్కా ఇంట్లోకో, బడిలోకో, తలుపులు మూసిన బస్సులోకో పోవటం, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగటం. ఇదీ నియమం. చెట్టు కింద, పూరిపాక కింద, పైకప్పు లేని ట్రాక్టరు మీద రక్షణ లేదు. రబ్బరు చెప్పులు కాపాడవు. మోటారు షెడ్డులో స్టార్టరు పెట్టె ముట్టుకోవద్దు. ఎటూ పోలేని చోట చిక్కితే చెట్లకీ, స్తంభాలకీ, నీళ్ళకీ దూరంగా, ఒకరికొకరు యాభై అడుగుల ఎడంగా, పాదాలు రెండూ దగ్గర పెట్టి గొంతుకు కూచోండి. పడుకోవద్దు. అదీ పూర్తి రక్షణ కాదు, వేరే దారి లేనప్పటి మాట. పుణెలోని వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' అనే యాప్ చుట్టుపక్కల పిడుగుల సంగతి చెప్తుంది. చదువుకునే పిల్లల ఫోనులో పెట్టించి, గుంపుకొకరు చూసేట్టు చెయ్యండి.

కానీ పని ఆపమని కూలీకి చెప్పటం తేలిక. ఆగిన అరగంటకి కూలి కోస్తే ఆమె ఆగదు. వేపచెట్టు కింద చచ్చిపోయినామె కూడా మొదటి ఉరుము విన్నది. రెండు సాళ్ళ కూలి కోసం ఆగింది. అందుకే మా మొదటి డిమాండు ఇది: ఉరుములప్పుడు ఆగిన వేళకి కూలి కొయ్యకూడదు. నాట్లు, కలుపు, కోతలు వొప్పుకునేటప్పుడే ఈ షరతు మాట్లాడుకోండి. ఒక్కరు అడిగితే పని పోతుంది, గుంపు అడిగితే షరతు అవుతుంది.

సర్కారుని అడగాల్సినవి వున్నాయి. పొలాల మధ్య పిడుగు తీగ బిగించిన పక్కా షెడ్లు కట్టాలి. ప్రతి పల్లెలో, గూడెంలో, తండాలో ఆరోగ్య కేంద్రం సిబ్బంది వచ్చి వూపిరి పోసే శిక్షణ ఇవ్వాలి. 108 సర్వీసు మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టు 15న. ఇన్నేళ్ళయింది, అది వచ్చేలోపు ఏం చెయ్యాలో వాడలో ఒక్కరికీ నేర్పకపోవటం ఏమిటని నిలదియ్యాలి. లయ తప్పిన గుండెని దారిలో పెట్టే షాకు యంత్రం ప్రతి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే స్థితిలో వుండాలి. బతికి బాధపడుతున్నవాళ్ళ పేర్లు కూడా రాయాలి, చెవి, కన్ను, మతిమరుపు వైద్యం ఇవ్వాలి. పోయినవాళ్ళ విషయంలో మన వంతు జాగ్రత్త ఒకటి వుంది. పోలీసు కాగితం, పంచనామా, పోస్టుమార్టం లేకుండా పూడ్చిపెడితే రికార్డులో అది పిడుగు చావు కాదు. పరిహారం అడగటానికి చేతిలో ఏమీ మిగలదు. ఏడుపులో కూడా ఒకరు ఈ పని చూసుకోవాలి.

సంఘాలకి మా విజ్ఞప్తి. వచ్చే పదిహేను రోజుల్లో ప్రతి వాడలో ఒక సాయంత్రం దీనికి పెట్టండి. ఒక నర్సునో, 108లో పనిచేసే మన పిల్లవాణ్ణో పిలవండి. గట్టి దిండు మీదో, వూక నింపిన గోనెసంచి మీదో నొక్కటం నేర్చుకోండి. బతికున్న మనిషి రొమ్ము మీద మాత్రం సాధన చెయ్యొద్దు. పదిమంది కూలీల గుంపుకి కనీసం ఇద్దరు నేర్చినవాళ్ళు వుండాలి. ఆడవాళ్ళు ముందుండాలి, ఎందుకంటే చేలో వాళ్ళ పక్కన వుండేది ఆడవాళ్ళే.

చివరిగా ఒక మాట. నోట్లో నోరు పెట్టాలనేసరికి కొన్ని వూళ్ళలో ఎవరి నోరు, ఎవరి వూపిరి అనే ప్రశ్న లేస్తుందని మాకు తెలుసు. మన గ్లాసు వేరే పెట్టిన వూళ్ళు మనం చూడనివి కావు. రేపు చెట్టు కింద పడేది మన కూలీ కావచ్చు, ఆ చేను ఆసామి కావచ్చు, ఆసామి కొడుకు కావచ్చు. వూపిరి ఆగిన మనిషి ఎవరైనా సరే, మన పల్లె మనిషి మోకాళ్ళ మీద కూచుని వూపిరి పొయ్యాలి. మనవాళ్ళు పడినప్పుడు వూరు కూడా అలాగే మోకాళ్ళ మీద కూచోవాలని అడగాలి. వూపిరికి మైల లేదు.

ఈసారి ఉరిమినప్పుడు ఎవరైనా 'ముట్టుకోమాకండి' అంటే, వాళ్ళని పక్కకి తప్పుకోమనండి. ముందుకు వెళ్ళండి. ముట్టుకోండి. నొక్కండి. వూపిరి పొయ్యండి.